ఎలగందుల జంట మినార్లు

కరీంనగర్ నుంచి కామారెడ్డి రోడ్డు పట్టుకుని సుమారు 10 కిలోమీటర్లు వెళితే ఎలగందుల వస్తుంది. బస్సు ఊరు చేరకముందే గుట్ట మీద కోట గోడలు కనిపిస్తాయి. సెలవు రోజుల్లో వచ్చే వాళ్లంతా నేరుగా ఆ గుట్టే ఎక్కుతారు. ఫొటోలు దిగుతారు, మానేరు నీళ్లు చూస్తారు, దిగిపోతారు. కోటకు బయట, కాస్త ఎడంగా నిలబడి ఉన్న రెండు సన్నటి మినార్ల దగ్గరికి వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లినవాళ్లు కూడా ఒకే ఒక్క మాట విని వెళతారు. ‘ఒకదాన్ని ఊపితే రెండోది ఊగుతుందట!’

ఆ ‘ఊగుతుందట’ అన్న మాటే దో మినార్‌కు పేరు తెచ్చింది. దాని ప్రాణం మీదికి వచ్చింది కూడా ఆ మాటతోనే.

నగారా నవాబు

ఈ మసీదును 1754లో జఫరుద్దౌలా కట్టించాడు. ఆయన అసలు పేరు మీర్జా ఇబ్రహీం బేగ్. జనం నోట్లో మాత్రం ఇబ్రహీం ఖాన్ ధంసా. ధౌంసా అంటే ఏనుగు మీదో గుర్రం మీదో పెట్టి మోగించే పెద్ద నగారా. నగారా మోగించుకుంటూ కదిలే హోదా ఉన్నవాడన్నమాట. జగిత్యాలలో నక్షత్రం ఆకారంలో కందకం తవ్వి కట్టిన కోట ఆయనదే. నిర్మల్ చుట్టూ గుట్టల మీద కనిపించే బురుజుల్లోనూ చాలా వాటికి ఆయన పేరే చెబుతారు. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దారి పట్టి పోయేవాళ్లు తెలియకుండానే ఆయన రాజ్యం మీదుగా పోతుంటారు.

అప్పటి రోజులు మామూలువి కావు. 1748లో నిజాముల్ ముల్క్ చనిపోయాడు. గద్దె కోసం కొడుకూ మనవడూ కొట్టుకున్నారు. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్, రెండు నెలలకే ముజఫర్ జంగ్ హతమయ్యారు. 1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో సలాబత్ జంగ్ నిజాం అయ్యాడు. రాజధాని అప్పుడు ఔరంగాబాద్‌లో ఉంది. 1763 దాకా అది హైదరాబాద్‌కు మారలేదు. పై వాడికి గద్దె నిలబెట్టుకోవడమే గగనమైతే కింద ఉన్న సర్దార్లు ఏం చేస్తారు? గోడలు లేపుతారు, ఫిరంగులు పోస్తారు, కందకాలు తవ్వుతారు. జఫరుద్దౌలా చేసింది అదే. ఆయన తర్వాత కొడుకు ఏకంగా నిజాం మీదే తిరగబడితే, నిజాం అలీఖాన్ నిర్మల్ మీదికి దండెత్తి రావలసి వచ్చింది.

జగిత్యాల కోటను జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజినీర్లు 1747లో కట్టారని, వాళ్ల పేర్లు కలిపి ఊరికి పేరు పెట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది. కానీ ఊరికి పేరు పెట్టడానికి పాపం ఇద్దరు దొరలు వచ్చేదాకా జనం ఆగి ఉంటారా? కోట రూపంలో యూరప్ పద్ధతి ఉన్న మాట మాత్రం నిజం. ఫిరంగి గుండుకు ఎదురుగా నిటారు గోడ నిలబెట్టకుండా, కోణాలు కోణాలుగా కట్టే తీరు అది.

ఇన్ని యుద్ధపు కట్టడాల మధ్య ఎలగందులలో ఆయన కట్టించింది ఒక మసీదు. యుద్ధానికి పనికిరానిది, అందం కోసం పైకి లేపిన రెండు మినార్లు ఉన్నది.

ఇస్తాంబుల్ తీరు, దక్కను తీరు

మసీదు అనగానే మన పిల్లలు గీసే బొమ్మలో ఒక పెద్ద గుమ్మటం, పక్కన పెన్సిల్‌లా మొన తేలిన మినార్లు ఉంటాయి. ఆ బొమ్మ నిజానికి టర్కీది. ఒట్టోమన్ సుల్తానుల ఆస్థాన వాస్తుశిల్పి సినాన్ ఆ రూపాన్ని పతాకస్థాయికి తీసుకెళ్లాడు. 1550-57 మధ్య ఇస్తాంబుల్‌లో సులేమానియే, 1568-75 మధ్య ఎదిర్నేలో సెలీమియే కట్టాడు. సెలీమియే గుమ్మటం అడ్డకొలత 31 మీటర్లు. నాలుగు మూలలా మినార్లు 70 మీటర్ల పైన. వాటిలో కొన్నిటికి లోపల ఒకదాన్నొకటి తాకకుండా మూడు మెలికల మెట్ల దారులు ఉంటాయి. ముగ్గురు ఒకేసారి ఎక్కితే ఒకరికొకరు ఎదురుపడకుండా మూడు వేరు వేరు అంతస్తుల్లో తేలతారు!

దక్కనులో మసీదు వేరే చెట్టు. ఇక్కడ కంటికి మొదట తగిలేది గుమ్మటం కాదు, ముందు వరుసలోని కమానులు. మూడు, అయిదు, ఏడు... ఎప్పుడూ బేసి లెక్కే. నడిమి కమాను దాటి చూపు నేరుగా కాబా దిక్కు చూపించే మిహ్రాబ్ మీదికి పోవాలి కాబట్టి సరి సంఖ్య కుదరదు. ఆ వరుసకు రెండు కొసలా మినార్లు. వాటి మీద తామర రేకులు, చిన్న చిన్న బాల్కనీలు, కొసన ఉల్లిగడ్డ లాంటి బుడిపె. టర్కీలో చెక్కిన రాతి మీద రాయి పేర్చి, ఇనుప కొక్కేలు వేసి, వాటి చుట్టూ కరిగించిన సీసం పోసి బిగించారు. మనవాళ్లు ఎక్కువగా ఇటుక, రాయి, సున్నంతో పని కానిచ్చి, పైన గచ్చుతో నగిషీ దిద్దారు. 1591లో చార్మినార్ కట్టినప్పుడు గచ్చు పని ఎంత నాజూకుగా ఉండేదో, 160 ఏళ్ల తర్వాత పల్లెల్లోనూ ఆ చేతివాటం అలాగే మిగిలింది.

ఒట్టోమన్ కొమ్మకూ మన నేలకూ చుట్టరికం అసలే లేదనుకోవద్దు. గోల్కొండ కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ తుర్కమాన్ తెగవాడు, ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చాడు. అసఫ్‌జాహీల పూర్వీకులు మధ్య ఆసియా వాళ్లు. చిట్టచివరి ఒట్టోమన్ ఖలీఫా కూతురు దుర్రె షెహ్వార్, ఆ వంశానికే చెందిన నీలోఫర్ 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో నిజాం కొడుకులిద్దరినీ పెళ్లాడి హైదరాబాద్ కోడళ్లయ్యారు. అయినా ఇక్కడి మేస్త్రీ ఇస్తాంబుల్ వైపు చూసి కట్టలేదు. ఇక్కడి ఎండ, వాన, ఇక్కడి సున్నం, ఇక్కడి కూలీల చేతులు... ఇవే అతనికి నక్షా.

ఉయ్యాల లెక్క

ఇక అసలు విషయం. మినారు ఊగడం నిజమేనా?

నిజమే. ఊగే మినార్లు ప్రపంచంలో ఎలగందుల ఒక్కచోటే లేవు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో 1316 నాటి ఒక సూఫీ సమాధి మీద ఇలాంటి జంట ఉంది. దాని పేరే ‘మెనార్ జోన్‌బాన్’, అంటే కదిలే మినార్లు. అహ్మదాబాద్‌లో సిదీ బషీర్ మసీదువి ఇంకా ప్రసిద్ధం. ఆ మసీదు 1753 నాటి యుద్ధంలో కూలిపోయింది. ఎలగందులలో మినార్లు లేవడానికి సరిగ్గా ఏడాది ముందు! మధ్య కమాను, రెండు మినార్లు మాత్రం మిగిలాయి. అహ్మదాబాద్‌లోనే రాజ్ బీబీ మసీదు మినార్లలో ఒకదాన్ని ఇంగ్లీషువాళ్లు ‘లోపల ఏం యంత్రం ఉందో చూద్దాం’ అని విప్పారని, యంత్రమూ దొరకలేదు, మళ్లీ పేర్చడమూ చేతకాలేదని చెబుతారు.

దొరకదు. ఎందుకంటే యంత్రం లేదు కాబట్టి.

పిల్లవాణ్ని ఉయ్యాలలో ఊపే తల్లిని చూడండి. ఒక్క తోపుతో ఉయ్యాల పైకి పోదు. అది వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు బయల్దేరే క్షణం చూసుకుని, ఒక్క వేలితో నెడుతుంది. అలా పదిసార్లు నెడితే ఉయ్యాల దూలాన్ని అందుకుంటుంది. ప్రతి ఉయ్యాలకూ తనదంటూ ఒక లయ ఉంటుంది. ఎత్తుగా, సన్నగా, లోపల గుల్లగా ఉన్న మినారుకూ అంతే. పైన నిలబడి ఆ లయకు సరిపోయేలా కొద్దికొద్దిగా నెడుతూ పోతే, టన్నుల బరువున్న కట్టడం కూడా ఒక మనిషి బలానికి కదులుతుంది. కింద రెండు మినార్లనూ కలిపే కమాను ద్వారా ఆ కదలిక అవతలికి చేరుతుంది. రెండోది కూడా అదే ఎత్తు, అదే లావు, అదే బరువు. అంటే దాని లయ కూడా అదే. అందుకే అవతలివైపు ఎవరూ ముట్టుకోకుండానే అది ఊగడం మొదలెడుతుంది. జంటలో ఒకటి పొట్టిదైనా, లావుదైనా ఈ వింత జరగదు. కవల పిల్లల్లా కట్టగలగడంలోనే ఆ మేస్త్రీ గొప్పతనం ఉంది.

అంత ఊగినా విరగకపోవడానికి కారణం సున్నం. మన వైపు దాన్ని డంగు సున్నం అంటారు. వలయంగా తవ్విన గాడిలో ఎద్దులు రాతి చక్రాన్ని లాగుతుంటే సున్నం, ఇసుక గంటల తరబడి నలుగుతాయి. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలుపుతారు. సిమెంటు గంటల్లో గట్టిపడి గాజులా పెళుసుగా ఉంటుంది. వంగమంటే పగులుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి నెమ్మదిగా రాయిగా మారుతుంది. కాస్త కదిలితే సర్దుకుంటుంది. సన్నని వెంట్రుక లాంటి పగుళ్లు వస్తే వాననీటితో కరిగిన సున్నమే వాటిలోకి చేరి మళ్లీ పూడుస్తుంది కూడా. పాత కట్టడాలకు ఆయుష్షు పోసింది ఈ గుణమే.

కానీ దేనికైనా ఒక హద్దుంటుంది. అహ్మదాబాద్ జామా మసీదుకు కూడా ఒకప్పుడు పేరుమోసిన ఊగే మినార్లు ఉండేవి. 1819లో కచ్ భూకంపం వచ్చినప్పుడు సగానికి విరిగాయి. మిగిలిన సగం 1957లో పోయింది. ఇప్పుడు అక్కడ మొదళ్లే ఉన్నాయి. 1999 ఆగస్టులో టర్కీ వాయవ్య భాగంలో భూమి కంపించినప్పుడు ఎన్నో మసీదుల గుమ్మటాలు నిలిచాయి గానీ మినార్లు విరిగిపడ్డాయి. మన దగ్గర భూకంపాలు రావని ధీమాగా ఉండటానికి వీల్లేదు. 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలితే కరీంనగర్‌లో కూడా జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. మినారు ఊగడం మనం చూసే తమాషా అయితే, భూమి తనంతట తాను ఊపినప్పుడు తట్టుకునేందుకు దాచిపెట్టుకున్న బలం దానికి అది. ఆదివారం పూట సరదాకు ఒకరి తర్వాత ఒకరు ఊపుతూ పోతే ఆ బలం తరుగుతూ పోతుంది.

మనుషులకూ క్షేమం కాదు. 1981 డిసెంబరు 4న ఢిల్లీ కుతుబ్ మినార్ లోపలి మెట్ల మీద కరెంటు పోయి జరిగిన తొక్కిసలాటలో 45 మంది చనిపోయారు. ఎక్కువమంది బడిపిల్లలు. ఆ రోజు నుంచి అక్కడ మెట్లకు తాళం పడింది. అహ్మదాబాద్‌లోనూ సిదీ బషీర్ మినార్లు ఎక్కనివ్వరు.

కచేరీ కదిలిపోయాక

ఇంత పేరున్న మసీదు పొలాల మధ్య ఎందుకు ఒంటరిదైంది? దానికి జవాబు ఊళ్లో ఉంది.

ఎలగందుల ఒకప్పుడు జిల్లా కేంద్రం. పాత పేర్లు వెలిగందుల, బహుధాన్యపురం. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, అసఫ్‌జాహీలు... అయిదు వంశాల జెండాలు ఈ గుట్ట మీద ఎగిరాయి. కాకతీయుల తర్వాత ముసునూరి, రేచర్ల నాయకులు కూడా ఏలారు. ఖిల్లేదారుల్లో ఒకరైన సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద పక్కనే ఒక ఊరు వెలిసింది. అదే కరీంనగర్. 1905లో నిజాం సర్కారు జిల్లాలను తిరగరాసినప్పుడు కేంద్రం అక్కడికి మారిపోయింది. ఇందూరు జిల్లా నిజామాబాద్ అయిందీ, ఆదిలాబాద్ జిల్లా ఏర్పడిందీ ఆ మార్పుల్లోనే.

కచేరీ పోతే ఊళ్లో ఏం మిగులుతుంది? కచేరీ వెనకే వకీళ్లు, గుమాస్తాలు, షావుకార్లు పోయారు. వెండి తీగతో గంధం గిన్నెలు, అత్తరుదానులు అల్లే పనివాళ్లు పోయారు. కరీంనగర్ ఫిలిగ్రీ అని ఇవాళ లోకమంతా మెచ్చుకుని, 2007లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన ఆ వెండి పని పుట్టిల్లు ఎలగందులే. కోడలు ఇల్లు కట్టి కదిలిపోతే పాత ఇంట్లో మిగిలిన అత్తగారిలా ఉండిపోయింది ఊరు. 1974లో మొదలై 1985కు పూర్తయిన దిగువ మానేరు డ్యాం 24 టీఎంసీల నీళ్లను ఆ దగ్గర్లోనే నిలిపింది. ఊరికి అందం వచ్చింది, జనం మాత్రం తిరిగి రాలేదు.

మిగిలినవాళ్లు పాత అలవాట్లు మానలేదు. గుట్ట మీద నరసింహస్వామి, నీలకంఠస్వామి గుళ్లున్నాయి. ఊళ్లో దర్గాలు ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. వాటి ఉర్సులు ఏటా జరుగుతాయి. మొహర్రం ఇక్కడ పెద్ద పండుగ. తెలంగాణ పల్లెలన్నిటిలాగే పీరీలు లేచాయంటే ఊదు వేసేవాళ్లలో, నిప్పుల గుండం చుట్టూ తిరిగేవాళ్లలో అందరూ ఉంటారు. కోట నుంచి మానకొండూరు దాకా సొరంగం ఉందన్న కథ మాత్రం ప్రతి తరమూ పిల్లలకు కొత్తగా చెబుతూనే ఉంటుంది. మధ్యలో మానేరు ఉందనీ, కింద నల్లరాయి ఉందనీ గుర్తు చేస్తే తాతలకు కోపం వస్తుంది.

గుట్టలు కరుగుతున్న చోట

రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల జాబితాలో ఎలగందుల కోట ఉంది. 2017లో తెలంగాణ సొంతంగా వారసత్వ పరిరక్షణ చట్టం కూడా చేసుకుంది. కాగితం మీద లోటు లేదు. లోటంతా నేల మీద ఉంది.

కరీంనగర్ చుట్టుపక్కల గుట్టలు గ్రానైట్ గుట్టలు. వాటిని కోసిన దిమ్మలు చైనా దాకా పోతాయి. వేలమందికి అది బతుకుతెరువు, కాదనలేం. కానీ చిన్నప్పుడు చూసిన గుట్ట పెద్దయ్యాక లేకపోవడం ఈ జిల్లా వాళ్లకు వింత కాదు. మందుపాతర పేలినప్పుడల్లా రాతిలో ప్రయాణించే అదురు ఇళ్ల గోడలను వదలదు, పాత మినార్లనూ వదలదు. భూకంపం ఎప్పుడో ఒకసారి వస్తుంది. క్వారీ పేలుడు పనిదినాల్లో వస్తూనే ఉంటుంది. రక్షిత కట్టడానికి ఎంత దూరంలో పేల్చవచ్చో లెక్క గీసి అమలు చేయాల్సింది అధికారులే.

రెండో ప్రమాదం మంచి మనసుతో వస్తుంది. అదే సిమెంటు. గోడ బీటలిచ్చిందని చందాలు వేసుకుని సిమెంటు పూయడం, తళతళలాడే రంగు కొట్టడం తెలంగాణలో గుళ్లకూ మసీదులకూ గడీలకూ ఒకేలా జరుగుతోంది. సిమెంటు పూత లోపలి సున్నపు గోడను ఊపిరాడనివ్వదు. లోపలికి దిగిన వాననీరు బయటికి ఆవిరి కాలేక అక్కడే నిలిచి, ఉప్పులు పేరుకుని, పదేళ్లకు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఊడేటప్పుడు పాత గచ్చును కూడా పట్టుకుని ఊడుతుంది. వంగే మినారుకు వంగని చొక్కా తొడిగితే ఏమవుతుందో చెప్పాల్సిన పని లేదు.

మందు ఎక్కడో లేదు, డంగు సున్నంలోనే ఉంది. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధులకు 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు చేపట్టిన పనిలో పాత సిమెంటు పూతలను తొలగించి, మళ్లీ సున్నంతోనే గచ్చు వేశారు. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఈ రాష్ట్రంలోనే ఉన్నారన్నమాట. ఒక గానుగ, కొన్ని బస్తాల సున్నం, నానబెట్టడానికి ఓపిక, చేయి తిరిగిన నలుగురు పనివాళ్లు. జంట మినార్ల మరమ్మతుకు కావలసిన సరంజామా దాదాపు ఇంతే. దానికి ముందు మినార్ల ఒరుగు ఎంత, పునాది ఎలా ఉంది, పగుళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయన్నది కొలిచి రాసిపెట్టుకోవాలి.

ఎలగందుల వెళ్లేవాళ్లకు చలికాలం మంచిది. కోట ఎక్కడానికి ఉదయం పూట, దో మినార్ చూడటానికి సాయంత్రం పూట బాగుంటుంది. పొద్దు వాలే వేళ ఎర్రటి ఎండ గచ్చు మీద పడితే రేకులన్నీ విడిగా కనిపిస్తాయి. పిల్లలు ‘ఊపుదామా?’ అని అడుగుతారు. ఉయ్యాల లెక్క అక్కడే నిలబెట్టి చెప్పండి. కావాలంటే ఒకే పొడవు దారాలకు రెండు రాళ్లు కట్టి, ఆ రెంటినీ ఒకే తాడుకు వేలాడదీసి, ఒకదాన్ని ఊపి చూపించండి. కాసేపటికి రెండోది కదులుతుంది. దారం పొడవు మార్చి మళ్లీ ఊపితే కదలదు.

మినారును మాత్రం ముట్టుకోకుండా చూసి రండి.